బెల్టు పక్కన గోనెసంచులు

మనుషుల మీద నాకు నమ్మకం తక్కువ. తాళం వేశాక రెండుసార్లు లాగి చూసే రకం నేను. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో, తాండూరులో మా పప్పు మిల్లు నడిపే రోజుల్లో ఆ గుణం ఇంకా ముదిరి ఉండేది.

అప్పట్లో మా ఊళ్లో నాలుగు మిల్లులవాళ్లం, వికారాబాదులో మూడు మిల్లులవాళ్లు ఒకే కంపెనీ నుంచి పెద్ద యంత్రాలు తెప్పించుకున్నాం. ఆయిల్ ఇంజను, దాని నుంచి పొడుగాటి బెల్టు, ఆ చివర కందుల పొట్టు తీసి పప్పు చేసే యంత్రం. గది నిండా అదే. ఏడాది తిరక్కుండానే కంపెనీ మనిషి హైదరాబాదు నుంచి వచ్చి, యంత్రం వాడేవాళ్లందరినీ ఒక సంఘంగా కూడమన్నాడు. రెండు నెలలకోసారి కలిసి లోపాలు చెప్తే కంపెనీ సరిచేస్తుందట. ఊరకే రారు మహానుభావులు అనుకున్నాను. అమ్మినవాడు తన సరుకులో తప్పులు తనే అడుగుతాడా? మా గుట్టు తీసుకెళ్లి పక్క మిల్లువాడి చెవిన వేస్తాడని నా అనుమానం.

గుట్టు ఉన్నమాట నిజమే. కందులు సరిగా ఆరకపోతే యంత్రం బిగుసుకునేది, బెల్టు చక్రం మీది నుంచి ఎగిరి గోడను కొట్టేది. మా మిల్లు మిస్త్రీ, నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు, బెల్టు పక్కన రెండు గుంజలు పాతి వాటికి గోనెసంచులు కట్టాడు. ఎవరైనా అడిగితే సంచులు ఆరేశామని చెప్పేవాణ్ణి. బెల్టు ఎగిరే మిల్లని తెలిస్తే బంట్వారం, దోమ ఊళ్ల నుంచి వచ్చే కందుల బండ్లు మలుపులోనే పక్క మిల్లుకు తిరిగిపోతాయి.

మొదటి మీటింగు వికారాబాదులో. బయల్దేరుతుంటే మిస్త్రీ స్టేషను దాకా వెంట వచ్చాడు.

"సేఠ్, బెల్టు సంగతి జర చెప్పు. గా గోనెసంచులు ఎన్నొద్దులు ఆపుతయి? దాని పక్కన నిలవడేది నేను."

"చెప్త తియ్ మిస్త్రీ. నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నాను.

ధారూరు స్టేషను దాటేదాకా చెప్పాలనే అనుకున్నాను. వికారాబాదులో మీటింగు పెట్టిన సేఠు ముందుగా తన మిల్లు చూపించాడు. అక్కడా బెల్టు పక్కన రెండు గుంజలు, వాటికి గోనెసంచులు.

"గవేంది?" అన్నాను.

"ఆరేసినం," అన్నాడు నా మొహం చూడకుండా.

నాకు లోపల నవ్వొచ్చింది. ఈయన బెల్టు కూడా ఎగురుతోందన్నమాట! ఆ ముక్క ఈయన నోటి నుంచే రానీ, ముందుగా నేనెందుకు బయటపడాలి?

అందరం కూర్చున్నాక కంపెనీ మనిషి పుస్తకం తెరిచి, "మొహమాటపడకుండా చెప్పండి. బెల్టుతో ఏమైనా ఇబ్బంది ఉందా?" అని అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఏడుగురమూ సర్దుకు కూర్చున్నాం. "మస్తు నడుస్తున్నది," అన్నాడు వికారాబాదు సేఠు. నేనూ అదే అన్నాను. మిగతావాళ్లూ అదే మాట. కంపెనీ మనిషి పుస్తకంలో రాసుకున్న ఆ మాట కింద ఏడు సంతకాలు పెట్టి, చాయ్ తాగి రైలెక్కాం.

మిస్త్రీ అడిగితే "చెప్పిన" అన్నాను.

నెల దాటిందో లేదో, ముసురు పట్టిన వారంలో, బెల్టు ఎగిరి గోనెసంచులను చీల్చుకొని మిస్త్రీ కుడిచేతిని కొట్టింది. మోచెయ్యి విరిగింది. ఎముక అతికింది కానీ ఆ చెయ్యి మళ్లీ చాచడానికి రాలేదు. ఆయన పానా పట్టడం అంతటితో అయిపోయింది.

రెండో మీటింగు మా మిల్లులోనే. మిస్త్రీ ఇంకా చేతికి కట్టుతో ఇంట్లోనే ఉన్నాడు. నేను లేచి జరిగిందంతా చెప్పాను. చెప్పగానే మాకూ ఎగురుతుంది, మాకూ ఎగురుతుందని ఒక్కొక్కరే బయటపడ్డారు. కంపెనీ మనిషి తన పుస్తకంలో మా ఏడు సంతకాలున్న పేజీ తీశాడు.

"వేరే ఊరి మిల్లులవాళ్లు చెప్తే బెల్టు చుట్టూ పెట్టడానికి ఇనుప జాలీ చేయించాం. అడిగినవాళ్లందరికీ ఊరికే పంపుతున్నాం. మీరంతా బాగా నడుస్తోందన్నారు కదండీ," అన్నాడు.

ఆ మనిషిలో మోసమేమీ లేదు. అది తెలిశాక సిగ్గుతో నా తల పైకి లేవలేదు.

పది రోజుల్లో జాలీలు వచ్చాయి. బిగించడానికి కంపెనీ మనిషే స్వయంగా వచ్చాడు. అప్పటికి మిస్త్రీని గేటు దగ్గర కుర్చీ వేసి కాపలాకు కూర్చోబెట్టాను. జాలీ బిగించాక మిస్త్రీ లోపలికి వచ్చి, ఎడమచేత్తో దాన్ని తడిమి చూశాడు.

"సేఠ్, నువ్వు మొదటి మీటింగులనే చెప్పినవు గద. గప్పుడే పంపితే వీళ్ల సొమ్మేం పోతుండె?"

 

ఇంతలో కంపెనీ మనిషి దగ్గరకు వచ్చి, "చెయ్యి ఎలా ఉంది పెద్దాయనా?" అని పలకరించాడు. మిస్త్రీ మొహం అటు తిప్పుకొని నేల మీద ఉమ్మేశాడు. కంపెనీ మనిషి ఏమీ అర్థం కాక నా వైపు చూశాడు. నేను జాలీ బోల్టులు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూస్తూ నిలబడ్డాను.