వడమాలపేటలో కదిలిన చారలు

"నా చారలు కదలతా ఉండాయి, వచ్చి సూడమ్మా" అని ఖాదర్ సార్ ఫోన్ చేసినప్పటి నుంచి నాకు కుదురు లేదు. ఆయన నాకు హైస్కూల్లో సైన్సు చెప్పిన మాస్టారు. నేనిప్పుడు చిత్తూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. రిటైరయ్యాక సార్ లారీ బేరింగు మీద గ్రానైట్ పలక పెట్టి, దాని మీద ఒక పరికరం అమర్చుకున్నారు. ఒకే కాంతిని అద్దాలతో రెండుగా చీల్చి, చెరో దిక్కుకూ పంపి తిరిగి కలిపితే తెర మీద వెలుగు చీకట్ల చారలు పడతాయి. ఈ విశ్వంలో నిజంగా కదలని చోటు ఒకటుండి, భూమి దాన్ని దాటుకుంటూ పోతున్నట్లయితే, పలక తిప్పినప్పుడు ఆ చారలు జరగాలి. అలాంటి ప్రత్యేకమైన చోటేదీ లేదన్నది సాపేక్ష సిద్ధాంతం. వందేళ్లకు పైగా వెతికినా ఎవరికీ దొరకలేదు. సార్ మాత్రం సోమవారం స్కూలు పిల్లలకు ఆ చారలు జరగడం చూపిస్తానని హెడ్మాస్టరుకు మాటిచ్చేశారు.

శనివారం ఉదయం ఆరున్నరకు చిత్తూరులో బస్సెక్కాను. తిరుపతికి రెండు గంటలు పట్టింది. దారంతా ఒకటే గుబులు. సార్ చెప్పింది నిజమైతే నేను ఇన్నేళ్లూ పిల్లలకు చెప్పిందంతా తప్పు. తప్పైతే ఆ మాట ఆయన ముఖాన చెప్పాల్సింది నేనే. తిరుపతిలో టీ కూడా తాగకుండా పుత్తూరు వైపు వెళ్లే బస్సు పట్టుకున్నాను. అక్కడి నుంచి వడమాలపేట అరగంటకు అటూ ఇటూ. ఊరొచ్చిందా అని మూడోసారి అడిగేసరికి కండక్టరు నా వైపు జాలిగా చూశాడు. "నేను సెప్తాను కదమ్మా. ఎవురికన్నా బాగలేదా?"

"అట్లాంటిదేం లేదు" అన్నాను.

వాళ్లింటికి చేరగానే సార్ నన్ను పరికరం ఉన్న గదిలోకి తీసుకెళ్లి, పలక పెట్టిన స్టూలు పక్కన నిలబడి పలకను మెల్లగా తిప్పారు. చారలు నిజంగానే జరిగాయి. మళ్లీ తిప్పమన్నాను. సగం చుట్టులో జరిగాయి, మిగతా సగంలో ఊరికే ఉన్నాయి.

"భూమి వేగమే అయితే రెండు సగాలూ ఒకేలా ఉండాలి కదా సార్" అన్నాను, గొంతు తగ్గించి.

"ఆ అనుమానం నాకూ ఉండాది. అందుకే నిన్ను రమ్మనింది."

కిటికీ మూశాం, ఫ్యాను ఆపాం, గదిలో గాలి కుదుటపడే దాకా గంటసేపు వరండాలో కూర్చున్నాం. లోపలికి వెళ్లి తిప్పితే చారలు మళ్లీ జరిగాయి. సార్ ముఖం వెలిగింది.

అప్పుడు గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆయన భార్య మెహరున్నీసా గారు అన్నారు: "మీరెప్పుడూ ఆడనే నిలబడి తిప్పతారు. ఆ అద్దాల వరస మీ పొట్ట ముందర నుంచే పోతాది. మీ ఒంటి వేడి తగలదా దానికి?"

వేడెక్కిన గాలిలో కాంతి నడక కొద్దిగా మారినా చారలు జరుగుతాయి; ఒక సగం చుట్టులోనే జరగడానికీ అదే కారణం కావచ్చు. సార్ వెళ్లి బూజుకర్ర తెచ్చారు. తెర ముందు నా ఫోన్‌ను పలకకు బిగించి, వీడియో ఆన్ చేసి, అందరం గుమ్మం దగ్గరికి జరిగాం. కాసేపాగి కర్రతో అందినంత దూరం నుంచి పలకను తిప్పాం, మూడు చుట్లు. తర్వాత ముగ్గురం ఫోన్ మీదికి వంగాం. చారలు కొంచెం వణికాయి తప్ప ఉన్నచోటు వదల్లేదు.

సార్ ఆ వీడియో నాలుగుసార్లు చూశారు. "ఎనిమిది నెల్లు నన్నే నేను కొల్సుకుంటా ఉండినానన్నమాట" అన్నారు. ఆయన గొంతు విని నాకు తల ఎత్తాలనిపించలేదు. కాసేపటికి హెడ్మాస్టరుకు ఫోన్ చేశారు. రావడం లేదని చెబుతారనుకున్నాను. "సోమారం వస్తా ఉండానప్పా. చారలు ఎందుకు కదల్లేదో సెప్తా పిల్లకాయలకు" అన్నారు.

తిరుగు బస్సులో కూడా గుబులు పూర్తిగా పోలేదు. సాపేక్ష సిద్ధాంతం నిలబడినందుకు నాకు ఊరట కలిగిన మాట నిజమే. కానీ ఆ ఊరట కోసమే తప్పు వెతికానేమోనని అనిపిస్తూనే ఉంది. సార్ తనకు కావలసిన జవాబును పరీక్షకు పెట్టారు. నాకు కావలసిన జవాబును నేనెప్పుడైనా అలా పెట్టానా అని తిరుపతి దాకా ఆలోచించాను.

మీలో ఎవరైనా ఇలాంటి ప్రయోగం చూడటానికి వెళితే, గదిలోని గాలి కుదుటపడటానికే గంట పడుతుందని గుర్తుంచుకుని, ఉదయం మొదటి బస్సులోనే బయల్దేరండి.