నేను తుడిచేసిన సింహాలు

ఆ రోజుల్లో వైద్యశాస్త్రంలో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (నలభై ఏళ్లు హెర్పిస్ వైరస్‌లతో కాపురం చేశాక, తెలిసింది గుప్పెడని అర్థమైంది.) పట్టా చేతికొచ్చి ఏడాది కాలేదు. బెజవాడలో ఒక చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం. సర్పి, ఆటలమ్మ రెండూ ఒకే హెర్పిస్ వైరస్ పని అని ఎక్కడో చదివాను. దాన్ని నిరూపించి పేరు తెచ్చుకోవాలని తహతహ. సర్పి పొక్కుల్లోని నీటిని సన్నటి గాజుగొట్టాల్లోకి తీసి, మంచు నింపిన డబ్బాలో పెట్టి మద్రాసు పంపాలి. కావలసిందల్లా ఒక రోగి. ఊళ్లో ఎవరికి సర్పి లేస్తుందా అని సిగ్గులేకుండా ఎదురుచూసేవాణ్ణి.

అలా దొరికాడు మగ్గం బాబాయి. కాలవ అవతల నేతపని చేసుకునే మనిషి. ఎడమ కనుబొమ్మ పైన పొక్కులు గుత్తులుగా లేచాయి. నాకు మాత్రం ముందు కనిపించింది పొక్కులు కాదు, సింహం. మా వైపు సర్పి లేస్తే దాని మీద ఎర్రటి జేగురుమట్టితో సింహం బొమ్మ గీయించుకునేవారు. సింహాన్ని దాటి సర్పి పాకదని నమ్మకం. ఆ బొమ్మలు గీసే ముసలావిణ్ణి జేగురు మామ్మ అనేవారు. నడుము మీదైతే ఆవిడ సింహానికి జూలూ తోకా దర్జాగా కుదిరేవట. నుదుటి మీద చోటు చాలక ఇది అలిగిన పిల్లిలా ఉంది.

"ఈ మట్టి కలిస్తే నీరు పాడైపోతుంది బాబాయ్," అని స్పిరిటు దూదితో తుడిచేశాను. (పచ్చి పొక్కుల మీద స్పిరిటు! తలచుకుంటే ఇప్పుడు నా నుదురే మండుతుంది.)

"అమ్మో, సచ్చాన్రా దేవుడా! మామ్మ సల్లగా గీసిందండీ, మీరు నిప్పెట్టారు!" అని కేక వేశాడు.

మర్నాడు కొత్త సింహంతో వచ్చాడు. తుడిచాను. మూడోనాటికి సింహానికి మీసాలు కూడా వచ్చాయి. "ఈసారి మగసింహాన్ని గియ్యమన్నానండీ, తట్టుకుంటదని," అన్నాడు. మళ్లీ బొమ్మతో వస్తే మందివ్వనని బెదిరించాను. (నా దగ్గర ఉన్న మందల్లా కాస్త లోషను, తలనొప్పి బిళ్లలు.)

నాలుగోనాడు బాబాయిని వెంటబెట్టుకుని మామ్మే వచ్చింది. "నా బొమ్మ తుడిస్తే తుడిచావు గానీ డాక్టరు బాబూ, ఇదుగో, ముక్కు కొస మీద పొక్కు లేచింది చూడు. ముక్కు మీదకొస్తే కంటికొస్తదయ్యా. అట్టాంటోళ్లని శానామందిని చూశా. కళ్ల డాక్టరు కాడికి పంపించు," అంది.

వరసలో నిలబడ్డ రోగులందరూ వింటున్నారు. "ముక్కెక్కడ, కన్నెక్కడ మామ్మా! వెళ్లి నీ సింహాలకి మేత వేసుకో," అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకెంత రుచించిందో చెప్పలేను. ఆవిడ వెళ్లిపోయింది. ముక్కు మీది పొక్కునైనా వదిలానా? అందులోని నీరూ గొట్టంలోకి తీసి చీటీ అంటించాను.

వారం తిరక్కుండా బాబాయి కన్ను ఎర్రబడి, వెలుగు చూడలేకపోయాడు. కంగారుపడి నేనే రైల్లో గుంటూరు తీసుకెళ్లాను. కంటి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ముక్కు మీద పొక్కు ఎప్పుడు లేచింది?" చెప్పాను. "అప్పుడే తీసుకొస్తే చుక్కలు వేసి కొంతైనా కాపాడేవాళ్లం కదయ్యా. ముక్కు కొసకీ కంటికీ పోయే నరం ఒకటేనని పుస్తకంలో చదవలేదూ?" అన్నాడాయన. చదివాను, పరీక్ష కోసం.

ఆ కంటికి మసక మిగిలిపోయింది. తెగిన సన్నపోగు కనబడక బాబాయి చీరల అంచులు మానేసి తువ్వాళ్లు నేయడం మొదలుపెట్టాడు. ఒకరోజు చూడబోతే మగ్గం ఆపి, "ఇంతకీ మీ గాజుగొట్టాల పని అయ్యిందాండీ?" అని అడిగాడు.

"లేదు బాబాయ్. దార్లో మంచు కరిగి అంతా పాడైపోయింది."

"అయ్యయ్యో, ఎంత కష్టపడ్డారండీ పాపం!" అని నాకోసం బాధపడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది.

క్షమించమని అడగడానికి మామ్మ వీధి మొగదాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చేశాను. మూడోసారి గుమ్మం దాకా వెళ్లేసరికి ఆవిడ కాలం చేసిందన్నారు.

ఆ తర్వాత ఉద్యోగమంతా ఆ వైరస్‌ల వెంటే గడిచింది. ఇప్పుడు సర్పికి మంచి మాత్రలే వచ్చాయి, తొందరగా వేసుకుంటే. ముక్కు మీది పొక్కు గురించి పాఠం చెప్పేటప్పుడల్లా విద్యార్థులకి ఈ కథ చెబుతాను. డాక్టరు పేరు మాత్రం చెప్పేవాణ్ణి కాదు, "ఎవడో పొగరుబోతు" అనేవాణ్ణి. మొన్న ఒక కుర్ర డాక్టరమ్మకి ఒళ్లు మండి, "అంత మూర్ఖుడా సార్! ఎవరండీ ఆయన?" అని లేచి నిలబడింది.

"నేనేనమ్మా, కూర్చో," అన్నాను. పాపం, ఎటు చూడాలో తెలియక నా ముక్కు వంక చూసింది. చాలా ఏళ్ల తర్వాత నాకు హాయిగా నవ్వొచ్చింది.