ఫిల్టరు వెనక మూడు చుక్కలు

డెల్మర్ క్రీగెల్‌కి ఎనభై దాటాయి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, మన్సీ ఊరికి దక్షిణాన, మొక్కజొన్న చేల అంచున ఒక చిన్న చెక్క ఇల్లూ, దానికంటే పెద్ద గరాజూ అతని ఆస్తి. భార్య ఆర్లీన్ పందొమ్మిదివందల డెబ్బై తొమ్మిదిలో ఒక ఇన్సూరెన్సు ఏజెంటుతో ఎక్కడో దూరాన ఉన్న టూసాన్ ఊరికి వెళ్లిపోయింది. గొడవేమీ పడలేదు. ముప్పై ఏళ్లపాటు క్రిస్మస్‌కి కార్డు పంపుతూనే ఉంది, తర్వాత అదీ ఆగిపోయింది. పిల్లలు లేరు. ఇంట్లో అతనితో మాట్లాడేది రేడియో ఒక్కటే, అదీ ఎక్కువగా పందుల ధరల గురించి.

అలాంటి మనిషిని వెతుక్కుంటూ ఏడాదికి ఇద్దరైనా ఎక్కడినుంచో వచ్చేవారు. కారణం అరవై ఆరులో అతను చేసిన ఉద్యోగం.

అప్పుడతనికి ఇరవై రెండేళ్లు. ఇండియానాపోలిస్ విమానాశ్రయం దగ్గర ఒక అద్దె కార్ల కంపెనీ షెడ్డులో మెకానిక్కు. ఆ ఏడాది కంపెనీ పెద్దలకి ఏం బుద్ధి పుట్టిందో, రేసులకి తగ్గట్టు తయారైన మస్టాంగ్ కార్లను, నల్లరంగూ బంగారు చారలూ వేయించి మరీ, అద్దెకు పెట్టారు. శుక్రవారం సాయంత్రం టై కట్టుకొని వచ్చి తీసుకెళ్లిన పెద్దమనుషులు సోమవారం పొద్దున ఏమీ ఎరగనట్టు తాళాలు అప్పజెప్పేవారు. మధ్యలో ఏం జరిగిందో అరిగిన టైర్లే చెప్పేవి. కొందరు లోపలి తివాచీ ఎత్తి, బోల్తాపడితే ప్రాణం కాపాడే ఇనుప కమ్మీలు నేలకి వెల్డింగ్ చేసుకొని, రేసు అయ్యాక కోసేసి, మళ్లీ తివాచీ పరిచేసేవారు. మరీ గట్టిపిండాలైతే ఏకంగా ఇంజిన్ విప్పి తమ సొంత బండిలో పెట్టుకొని, తమ పాత ఇంజిన్‌ని దీనికి తగిలించి పంపేవారు. దాని మీద అసలు ఇంజిన్ నంబరు కొట్టుకోవడం వాళ్లకి చిటికెలో పని.

మొదటిసారి అలా జరిగినప్పుడు సూపర్‌వైజరు డెల్మర్ని నానా మాటలూ అన్నాడు. ఒళ్లు మండిన డెల్మర్ ఆ రోజే ఇనుము మీద గుర్తులు కొట్టే పంచ్, సుత్తీ తీసుకొని, షెడ్డులో ఉన్న ప్రతి నల్ల మస్టాంగ్ ఇంజిన్ మీదా, చెయ్యి దూర్చి తడిమితే తప్ప తెలియని చోట, తన గుర్తు కొట్టాడు. కొత్తగా షెడ్డుకి వచ్చినవాటికీ వచ్చిన రోజే కొట్టేవాడు. ఆ గుర్తుకి మొదట దొరికింది ఒక పళ్ల డాక్టరు.

"డాక్టరు గారూ, ఈ ఇంజిన్ మాది కాదండీ."

"మీది కాకపోతే ఎవరిదయ్యా? బండితో పాటే వచ్చిందిగా!"

"మాది మీ ఇంట్లో ఉండిపోయిందండీ. సాయంత్రంలోగా తెచ్చేయండి. లేదంటే నేనే వచ్చి పీకుతా, మత్తుమందు లేకుండా."

తెచ్చేశాడు పాపం. షెడ్డులో ఈ ముచ్చట ఏళ్ల తరబడి చెప్పుకున్నారు.

కంపెనీ ఎక్కువకాలం ఉంచుకోకుండానే ఆ కార్లను అమ్మేసింది. కొన్నవాళ్ల సిగ్గు అప్పుడు చూడాలి! అద్దెకు తిరిగిన బండి అంటే ఊళ్లో ప్రతివాడూ తొక్కి వదిలేసిన బండి. అందుకని చారలు గీకేసి, ఎరుపో నీలమో పూసి, దాని గతం ఎవరికీ తెలియకుండా తోలుకున్నారు. ఓ నలభై ఏళ్లు గడిచేసరికి వ్యవహారమంతా తిరగబడింది. ఇప్పుడు వాళ్ల కొడుకులు అదే ఎర్ర రంగుని గోటితో గోకి గోకి అడుగున నలుపు ఉందా అని చూసుకుంటున్నారు. తివాచీ కింద వెల్డింగ్ మచ్చ కనిపిస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. అవి తయారైందే వెయ్యి చిల్లర, అందుకే అంత గిరాకీ అంటారు. అదొక్కటే అయితే ఈ మచ్చల మీద మోజు ఎందుకు? ధనవంతుడు కొని గరాజులో దాచుకున్న బండి వెనక ఒక్క ధనవంతుడే ఉంటాడు. ఈ బండిని మాత్రం చెప్పుల షాపు గుమాస్తా కూడా రెండు రోజులు తనదే అనుకొని తోలాడు. ఆ రెండు రోజులనే జనం ఇప్పుడు కొనుక్కుంటున్నారు.

అందులోనూ పుట్టుకతో వచ్చిన ఇంజిన్ ఇంకా ఉన్న బండి అంటే వేలంపాటల్లో ఎగబడతారు. ఇండియానాపోలిస్ షెడ్డు నుంచి బయటపడ్డ బండికి ఆ మాట చెప్పగలిగినవాడు డెల్మర్ ఒక్కడే. బండి తెచ్చినవాళ్లను కాఫీ పెట్టమని వంటింట్లోకి పంపి, కళ్లు మూసుకొని ఇంజిన్‌లోకి చెయ్యి దూర్చేవాడు. ఉంటే ఉందని టైపు చేసి సంతకం పెట్టేవాడు. అలా ఇరవై ఆరు కాగితాలు ఇచ్చాడు. లేదని అతని చేత చెప్పించుకున్న పదకొండుమందీ తిట్టుకుంటూ పోయారు. పైసా పుచ్చుకునేవాడు కాదు. గుర్తు ఎక్కడుందో, ఎలా ఉంటుందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే రేపే దొంగ గుర్తులు పుడతాయనేవాడు. అది నిజమే. చెబితే తన గుమ్మం తొక్కేవాడు ఉండడన్నది కూడా నిజమే, అది మాత్రం పైకి అనేవాడు కాదు.

రస్ పాలిస్టర్ మార్చి నెలలో ఒక శనివారం వచ్చాడు. యాభై ఏడేళ్లవాడు, పెద్ద గొంతు, పెద్ద పొట్ట. ఎవరి పశువుల కొట్టంలోనో దొరికిన బండిని ట్రైలరు మీద వేసుకొచ్చాడు. గడ్డీ గాదం దులిపితే నిజమైన అద్దె మస్టాంగే, సందేహం లేదు. రస్ చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లినప్పుడు డెల్మర్ అలవాటుగా చెయ్యి దూర్చాడు.

నున్నగా ఉంది. గుర్తు లేదు. ఇంజిన్ ఎప్పుడో మారిపోయింది.

చెప్పడానికి నోరు తెరిచేలోపే రస్ తువ్వాలుతో వచ్చేశాడు. "పెద్దాయనా, ఇంజిన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు దీన్ని మనిషిని చెయ్యాలి. నీకు తెలిసినన్ని సంగతులు ఎవడికి తెలుసు? శనివారం శనివారం వస్తాను, నేర్పుతావా?"

"నాకు వేరే రాచకార్యాలు ఏమున్నాయి, రా" అన్నాడు డెల్మర్.

వచ్చాడు. వర్షంలోనూ వచ్చాడు. పంది మాంసం వేపుడు పెట్టిన పెద్ద పెద్ద శాండ్‌విచ్‌లు తెచ్చేవాడు. డెల్మర్ శుక్రవారమే ‘మీగడ పై’ అనే తీపి రొట్టె కాల్చి ఉంచేవాడు. బ్రేకులు విప్పుతూ పేచీలు పడేవారు.

"అది అటు కాదురా, ఇటు తిప్పాలి. నీకు చేతులిచ్చిన దేవుణ్ణి అనాలి."

"నీకు నోరిచ్చినవాడు కూడా ఆయనే కదా, ముసలాడా!"

ఆ వేసవిలో డెల్మర్ రేడియో పెట్టుకోవడం మానేశాడు. ఇంజిన్ మాట చెప్పాలని ప్రతి శనివారం అనుకునేవాడు. చెబితే రస్ మొహం ఎలా మాడిపోతుందో, ట్రైలరు ఎంత తొందరగా వెనక్కి తిరుగుతుందో అతనికి తెలుసు. పదకొండుమందిని చూశాడు. వచ్చేవారం చెబుదాంలే అనుకునేవాడు.

అక్టోబరులో బండి తళతళలాడింది. ఆ రోజు రస్ కాఫీ కప్పు పక్కన పెట్టి, "ఇక ఆ కాగితం ఒక్కటీ రాసిచ్చెయ్ పెద్దాయనా. తడిమే ఉంటావుగా?" అన్నాడు.

"తడిమాను."

"ఉందా?"

డెల్మర్ అతని మొహం వంక చూశాడు. ఏడు నెలలుగా తన బల్ల దగ్గర కూర్చున్న మొహం అది. "ఉంది" అన్నాడు.

టైపు చేస్తుంటే రెండుసార్లు తప్పు పడింది. సంతకం పెట్టాడు. రస్ అతన్ని కావలించుకొని, వీపు మీద చరిచి, "శనివారం కలుద్దాం" అని వెళ్లాడు.

శనివారం మీగడ పై తినేవాడు లేక అలాగే ఉండిపోయింది. ఆ తర్వాతి వారం కూడా. ఫోన్ చేస్తే, అబ్బే, ఆరిజోనాలో వేలానికి తీసుకెళ్తున్నాం, ఊపిరి సలపడం లేదు, వచ్చాక వస్తాను, అన్నాడు. రస్ చెడ్డవాడేమీ కాదు. పని అయిపోయింది, అంతే. జనవరిలో బండి అమ్ముడుపోయిందని ఒక పత్రికలో ఫొటో పడింది. డెల్మర్ క్రీగెల్ ధ్రువీకరించిన ఇంజిన్ అని కింద అచ్చువేశారు. ఆ ముక్క చదివి అతను సిగ్గుతో చచ్చిపోయాడు. అంత సిగ్గులోనూ రస్ ఎప్పుడొస్తాడా అనే ఉండింది, తన మీద తనకి అసహ్యం వేసింది అందుకే.

ఫిబ్రవరిలో నోరీన్ వాస్కో వచ్చింది. నలభై ఏళ్లది, బడి బస్సు నడుపుతుంది. వాళ్ల నాన్న పోతూ పోతూ ఇచ్చిన మస్టాంగ్ తెచ్చింది. ఆమెను కాఫీ పెట్టమని పంపి డెల్మర్ చెయ్యి దూర్చాడు. వేళ్లకి తగిలాయి, మూడు చుక్కలు, కాస్త ఎడంగా ఇంకొక్కటి. ఇరవై రెండేళ్ల వయసులో కోపంతో కొట్టిన దెబ్బలు. చెయ్యి బయటికి తీయకుండా అలాగే నిలబడిపోయాడు.

"లేదా?" అంది నోరీన్, గుమ్మంలో రెండు కప్పులతో.

"ఉంది. కానీ నా కాగితం తీసుకోకమ్మా. దానికి విలువ లేదు."

"అదేంటండీ! ఉందంటున్నారు, మరి రాసివ్వరేం?"

"లేని బండికి ఉందని ఒకటి రాసిచ్చాను. ఇక నా ఇరవై ఏడు కాగితాల్లో ఏది నిజమో చదివేవాడికి ఎలా తెలుస్తుంది?"

ఆమె కప్పులు బల్ల మీద ఠక్కున పెట్టింది. "ఎంతిచ్చాడేంటి వాడు?"

"ఏమీ ఇవ్వలేదు."

"ఊరికే ఎవరు రాస్తారండీ?"

"శనివారాలు వచ్చేవాడు" అన్నాడు డెల్మర్.

నోరీన్ గరాజంతా ఒకసారి చూసింది. "అయితే నా బండి గతి ఏంటి?" అంది, ఈసారి మెల్లగా.

డెల్మర్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత, "నీ చెయ్యి ఇటివ్వమ్మా" అన్నాడు. ఆమె మణికట్టు పట్టుకొని, ఆయిల్ ఫిల్టరు వెనకనుంచి పైకి పోనిచ్చాడు. "ఇక్కడ. మూడు దగ్గరగా, ఒకటి ఎడంగా. అద్దం పెట్టి ఫొటో తీయించు. కొత్తగా కొట్టినదైతే గుంటలో ఇనుము మెరుస్తుంది. ఇది నల్లబడి ఉంటుంది. ఎవరైనా చూసుకోవచ్చు."

"దొరికింది!" అంది నోరీన్, ఆనందంతో. అంతలోనే తగ్గి, "ఇది అందరికీ చెప్పేస్తున్నారా?" అంది.

"చెప్పాలి కదమ్మా. లేకపోతే నిజంగా గుర్తున్న ఆ ఇరవై ఆరుగురూ మునుగుతారు."

ఆమె వెళ్లాక ఆరిజోనా వేలం కంపెనీకి ఫోన్ చేశాడు. ఎవరో కుర్రవాడు తీశాడు, మర్యాదస్తుడు. డెల్మర్ తన పేరు చెప్పి, తాను రస్ బండికి రాసిచ్చింది అబద్ధమని చెప్పి, కొన్నాయనకి తెలియజేయమని అడిగి, ఆ పైన గుర్తు ఎక్కడుంటుందో, చుక్కలు ఎన్నో, ఒక్కొక్క మాటే నిదానంగా రాయించాడు. అవతల కీబోర్డు చప్పుడు ఆగేదాకా ఆగాడు. కుర్రవాడు రాసుకున్నదంతా తిరిగి చదివి వినిపించాడు. ఒక్క తప్పు లేదు.

"చాలా థాంక్సండీ. ఇంత వివరంగా ఉంటే ఇకనుంచి మావాళ్లే చూసేసుకుంటారు. మీ ఇంటిదాకా ఎవరూ రానక్కర్లేదు. మీకు ఆ శ్రమ తప్పింది లెండి" అన్నాడు.

"అవును బాబూ" అన్నాడు డెల్మర్. "తప్పింది."