కంచెకు అవతలి కెజియా

భర్త ఎల్బర్ట్ పోయిన చలికాలం వెర్డా ప్రూవిట్‌కి ఇల్లు సర్దుకోవడం తప్ప వేరే పని లేకపోయింది. సర్దిందే మళ్ళీ సర్దింది. నేలమాళిగలో బీన్స్ జాడీలన్నీ దించి, తుడిచి, మళ్ళీ గూట్లో పెట్టింది. ఇద్దరికని పట్టి పెట్టినవి, ఒక్క మనిషి తింటే ఎప్పటికి తరుగుతాయి? మొక్కజొన్న రొట్టె ఒక్కదానికి సరిపడా చేసుకోవడం ఆమెకు చేతకాలేదు. ఎప్పటిలా పెనం నిండా చేసి సగం కోళ్ళకి వేసేది.

చదివింది ఎనిమిదో తరగతి. అయినా మంచు కరగగానే మంచి కోటు వేసుకుని కోర్టు భవనానికి వెళ్ళి, పాత దస్తావేజులు చూడొచ్చా అని అడిగింది. ప్రూవిట్లలో మొట్టమొదట కొండ కనుమ దాటి ఈ లోయలోకి వచ్చినవాడు టోబయస్. గుర్రం మీద ఒక పక్క ఉప్పు మూట, ఇంకో పక్క విత్తనాల మూట వేసుకుని వచ్చాడని ఎల్బర్ట్ చెబుతుండేవాడు. ఆ టోబయస్ నుంచి ఎల్బర్ట్ దాకా వరస తప్పకుండా రాసి, మే నెలలో సమాధులకు పూలు పెట్టే ఆదివారం నాడు అందరి ముందూ చదవాలని వెర్డా కోరిక. ఆ రోజు ప్రూవిట్లందరూ ఎక్కడెక్కడి నుంచో వస్తారు, సమాధుల మీద మట్టి ఎగదోసి గడ్డి పీకి పూలు పెడతారు, తర్వాత చెట్ల కింద బల్లలు పరిచి భోజనాలు చేస్తారు. అంత పెద్ద వరస చివర చదివితే ఎల్బర్ట్ పేరు గాలికి పోకుండా ఏదో ఒకదాన్ని పట్టుకుని ఉంటుందని ఆమెకు అనిపించింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

వరస చదువుతానంటే ఆడపడుచు ఐవా సంబరపడింది.

"చదువు వదినా, గట్టిగా చదువు. మేం నిన్నమొన్న వచ్చినవాళ్ళం కాదని తెలియాలి. మమ్మల్ని చిన్నచూపు చూసే ఆ చర్చి పక్కవాళ్ళ మొహాలు చూడాలి నాకు."

పని మొదట్లో బాగానే సాగింది. ఎల్బర్ట్ తాత, ఆయన తండ్రి, ఆ పైన జెస్సీ. జెస్సీ తండ్రి టోబయస్. టోబయస్ భార్య మార్గరెట్ అని సమాధి రాయి మీదే చెక్కి ఉంది. తీరా చూస్తే వాళ్ళ పెళ్ళి జరిగింది పద్దెనిమిది వందల ఆరులో. జెస్సీ పుట్టింది అంతకు పదేళ్ళ ముందు.

"రాసినవాడు తాగి రాసుంటాడు," అంది వెర్డా, కోర్టులో పాత పుస్తకాలు తెచ్చిచ్చే నోలాతో.

"తాగినా పదేళ్ళు తప్పు రాయడమ్మా," అంది నోలా. "ఇంతకీ అప్పటికి మన జిల్లా ఎక్కడుంది? పక్క జిల్లాలో ముక్క. జిల్లాకీ ఒక పుట్టిల్లుంటుంది. వెళ్ళి అక్కడ అడగండి. పెళ్ళిళ్ళ పుస్తకాలైతే అంతర్యుద్ధంలో కాలిపోయాయి. ఆయన భూమి ఎక్కడైనా అమ్మాడేమో చూడండి. మగవాడు భూమి అమ్మితే పెళ్ళాం పేరు బయటపడక తప్పదు."

ఐవా కారులో తీసుకెళ్ళింది. అమ్మకం దస్తావేజు దొరకడానికి మధ్యాహ్నమైంది. ఆ కాలంలో భర్త భూమిలో భార్యకు హక్కుండేది. అందుకని ఆయన అమ్మినప్పుడు గుమస్తా ఆమెను పక్కకు తీసుకెళ్ళి, భర్త చెవిన పడకుండా, ఇది నీ ఇష్టంతోనే జరుగుతోందా అని అడిగి రాసుకోవాలి. జెస్సీ పుట్టిన మరుసటి ఏడాది రాసిన ఆ కాగితంలో ఉంది: టోబయస్ ప్రూవిట్ భార్య కెజియాను భర్తకు దూరంగా అడిగాము, ఇష్టమే అన్నది. కింద హద్దులు: తెల్ల ఓక్ చెట్టు నుంచి సదరు కెజియా తండ్రి మైకాజా బోలిన్ భూమి దాకా.

ఐవా ఆ పేరు రెండుసార్లు చదివి కళ్ళద్దాలు తీసేసింది.

"బోలిన్ అంటే... గట్టు మీది బోలిన్లా?"

గట్టు మీది బోలిన్లను లోయలో ఎవరూ భోజనానికి పిలవరు. రంగు కాస్త నలుపు. తాము పోర్చుగీసువాళ్ళమని వాళ్ళు చెప్పుకుంటారు, లోయవాళ్ళు ఇంకేవో మాటలంటారు. వెర్డా కూడా అంది ఆ మాటలు, పిల్లల ముందే అంది.

 ఇంటి ముందు కారు ఆపాక ఐవా అంది, "ఒక్క పేరేగా వదినా. మార్గరెట్‌తో మొదలుపెట్టు. ఎవరు లెక్క చూడొచ్చారు?"

వెర్డా తలుపు తీసుకుని దిగింది. ఆమెను పట్టుకుని కుదుపుతున్నది పేరు కాదు. కంచె.

కొన్నేళ్ళ కిందట ఆవులు సమాధుల్లోకి వస్తున్నాయని ప్రూవిట్లు కంచె వేశారు. ఎక్కడ వేయాలో దగ్గరుండి చూపించింది వెర్డానే. టోబయస్ సమాధికి అవతల పేర్లు లేని రాళ్ళు కొన్ని ఉన్నాయి, వాగులోంచి తెచ్చి పాతిన మామూలు రాళ్ళు. అవి గట్టువాళ్ళవని అందరికీ తెలుసు. ఆ రోజు గట్టు మీది క్లియో బోలిన్ దిగి వచ్చి, ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"ఆ గుంజ ఇంకొంచెం ఇటు పాతించండమ్మా. మావాళ్ళను కూడా ఆవులు తొక్కవు."

"మా తీగె మావాళ్ళకి," అంది వెర్డా. "మీవాళ్ళకి కావాలంటే మీరు కొనుక్కోండి."

ఎల్బర్ట్ సుత్తి పట్టుకుని అక్కడే ఉన్నాడు. వెర్డా చూపించిన చోటే గుంజ కొట్టాడు. తర్వాత ఏటా ప్రూవిట్ల గడ్డి కోసి, కంచె దాటి ఆ రాళ్ళ మధ్య కూడా కోసేవాడు. కోత యంత్రానికి పెట్రోలు దండగ అని వెర్డా సతాయించేది.

ఆ కొండల్లో మనిషిని తల పడమటికి, కాళ్ళు తూర్పుకి పెట్టి పూడుస్తారు. భార్య భర్తకు ఎడమ పక్కన. పెళ్ళిలో నిలబడినట్టే. మార్గరెట్ ఉన్నది టోబయస్‌కి కుడి పక్కన. గొయ్యి తవ్వినవాళ్ళకి మతి లేదని వెర్డా నవ్వుతూ చెప్పేది, పిల్లలూ నవ్వేవారు. ఎడమ పక్కన ఏముందని ఎవరూ అడగలేదు. ఎడమ పక్కన తీగె ఉంది, తీగెకు అవతల రాయి ఉంది. మొగుడికీ పెళ్ళానికీ మధ్య వెర్డా దగ్గరుండి ముళ్ళ తీగె లాగించింది.

పూలు పెట్టే ఆదివారానికి ముందు రోజు ఆమె ఎల్బర్ట్ పటకారు తీసుకుని ఒంటరిగా వెళ్ళింది. మేకులు తుప్పు పట్టి కదల్లేదు. పెనుగులాడుతుండగా వెనక అడుగుల చప్పుడైంది. క్లియో, చేతిలో అట్టపెట్టె. అందులో రంగు కాగితంతో చేసి మైనంలో ముంచిన పూలు. ప్రూవిట్లు రాకముందే వచ్చి పెట్టి వెళ్ళిపోవడం ఆమెకు అలవాటు.

"ఏంటమ్మా, మీ తీగె మీరే దొంగిలిస్తున్నారా?"

"కొంచెం జరుపుదామని."

"ఎందాకా?"

వెర్డా చూపించింది. ఆ ఒక్క రాయి అవతలి దాకా. క్లియో ఆ చేతినే చూసింది.

"కెజియా దాకా అన్నమాట."

వెర్డా పటకారు గుంజ మీద పెట్టింది. "నీకు తెలుసా?"

"మా ఇంట్లో తెలియనిదెవరికి? మా అమ్మ పళ్ళు తోమిస్తూ చెప్పింది."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"చెబితే నాకు కాఫీ ఇచ్చేదానివా?" పెట్టె కింద పెట్టి నడుం పట్టుకుంది క్లియో. అమ్మా, మీరూ అనడం మానేసిందని వెర్డా గమనించింది. "ఆ రోజు అది మా రాయి. ఆవు తొక్కినా పర్లేదు. ఇవాళ మీ ఇంటి పెద్దావిడైంది, తీగె జరగాలి. సరే జరుపు. దాని పక్కనున్నది నా చెల్లెలు. దానికి పేరు పెట్టేలోపే పోయింది. దాన్ని ఏ పక్కకి ఉంచుతావు?"

 చెల్లెలి సంగతి వెర్డా ఆలోచించలేదు. తెల్లవారుజామునే లేచి, ప్రార్థన చేసుకుని, తప్పు దిద్దుకుందామని వచ్చింది. దిద్దుకోవడం కూడా తనవాళ్ళ వరకే లెక్క వేసుకుని వచ్చింది.

ఆమె అడిగింది, "ఎల్బర్ట్‌కి తెలుసా?"

"గడ్డి కోస్తూ ఒకసారి అడిగాడు, ఇదెవరిది క్లియో అత్తా అని. చెప్పాను. టోపీ తీసి నిలబడ్డాడు."  క్లియో చెప్పాలా వద్దా అన్నట్టు గట్టు వైపు చూసింది. "మా ఇంట్లో చెప్పకు అత్తా, అన్నాడు."

నలభై ఏళ్ళు ఒకే మంచం మీద పడుకున్న మనిషి. ఆమె ఎక్కడ నొచ్చుకుంటుందోనని దాచాడా, ఆమె ఏం మాటలంటుందోనని దాచాడా? రెండోదేనని వెర్డాకు తెలుసు.  అడగడానికి ఆయన లేడు. ఉన్నా అడిగేది కాదు.

పటకారు తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి మూల గుంజ నుంచి. ఆ పక్క తీగె మొత్తం ఊడదీయడానికి పొద్దు వాలింది. అరచేతులు చీరుకుపోయాయి. క్లియో సాయం చేయలేదు. ఒక్కో రాయి దగ్గరా వంగి పువ్వు పెట్టి, ఎప్పుడు వెళ్ళిందో వెళ్ళిపోయింది.

ఆదివారం అందరికంటే ముందు ఐవా చూసింది.

"వదినా, ఈ పక్క కంచె ఏది?"

"తీసేశాను."

"అడగకుండానే?"

"వేసినప్పుడు మాత్రం ఎవర్ని అడిగాను?"

భోజనాల ముందు వెర్డా లేచి చదివింది. టోబయస్ ప్రూవిట్, ఆయన భార్య కెజియా బోలిన్, వాళ్ళ కొడుకు జెస్సీ. బల్లల దగ్గర గిన్నెల మీద మూతలు తీస్తున్న చేతులు ఆగాయి. ఎవరో దగ్గారు. ఐవా తన బంగాళాదుంపల గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. వెర్డా తల ఎత్తకుండా చివరిదాకా చదివింది. చివరి పేరు చదివేటప్పుడు ఏడుపొస్తుందని అనుకుంటూ వచ్చింది నెలల తరబడి. రాలేదు. ఎల్బర్ట్ సమాధి వైపు చూడ్డానికే మొహం చెల్లలేదు.

క్లియో గట్టు దారి మలుపులో నిలబడి ఉంది. ఎప్పుడూ ఆ రోజు కనపడేది కాదు. వెర్డా పళ్ళెంలో వేయించిన కోడి, బీన్స్, ఎండు యాపిల్ ముద్ద పెట్టిన దొంతర కేకు ముక్క పెట్టుకుని వెళ్ళింది. బల్లల దగ్గర మాటలు తగ్గడం వీపుకు తెలుస్తూనే ఉంది. రాళ్ళ మధ్యకు వచ్చాక, నిన్నటిదాకా తీగె ఉన్న చోట కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. క్లియో కూడా దిగివచ్చి అవతల అక్కడే ఆగింది. లేని కంచె మీదుగా పళ్ళెం చేయి మారింది.

"రా, కూర్చుని తిను," అంది వెర్డా.

"ఇక్కడ బానే ఉంది." క్లియో కేకు ముక్క వేలితో నొక్కి చూసి, తలూపింది. ఏప్రాన్ జేబులోంచి ఒక మైనం పువ్వు తీసింది, నీలం రంగుది. "ఇది ఎల్బర్ట్‌కి. గడ్డి కోసినందుకు. నీక్కాదు."

"సరే," అంది వెర్డా. అత్తా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది ఎల్బర్ట్ మాట. ఆమె పువ్వు పట్టుకుని వెనక్కి తిరిగింది. అందరూ చూస్తుండగా వెళ్ళి దాన్ని ఆయన తల దగ్గర గుచ్చి, మట్టి గట్టిగా అదిమింది. అదిమిన తర్వాత కూడా చాలాసేపు లేవలేదు.