అప్పజెప్పని జెండా

"జెండా ఇచ్చొచ్చావటే?" అన్నాడు మా ఆయన.

"ఇచ్చొచ్చానండీ."

"మంచిది."

మేమిద్దరం ఆఖరుసారి మాట్లాడుకున్నది అంతే. మర్నాడు పొద్దున పోయాడు. ఆ "మంచిది" ఇన్నేళ్లుగా నా రొమ్ము మీద తిరగలిరాయిలా కూర్చుంది. చర్చిలో ఎన్నిసార్లు మోకాళ్లూనినా పాస్టర్ గారికి చెప్పలేదు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా తమ్ముడి కూతురు రాస్తోంది. చదివే మీరెవరో నాకు తెలియదు. అదే నయం.

డెబ్బైల చివర్లో, అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో ఉండగా, మా ఆయనకి సిటిజన్‌షిప్ వచ్చింది. ఆ వారమే ఇంటి ముందు కర్ర పాతి అమెరికా జెండా కట్టాడు. పొద్దున ఎక్కించి, పొద్దుగూకే వేళకి దించేవాడు. నేలకి తగలనిచ్చేవాడు కాదు. గాలికి చివర పీలికలయ్యేది. ఆ పీలికలు కత్తిరించి, అంచు రెండు మడతలు వేసి కుట్టడం నా పని. అలా ఏటేటా కాస్త పొట్టిదయ్యేది.

మా అమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చిన రోజు కూడా కుట్టించాడు. పంపమని కాళ్లు పట్టుకున్నాను. ఇప్పుడు మన దేశం ఇదే, నువ్వెళ్లేసరికి మట్టి చేసేస్తారు, ఎవరి కోసం వెళ్తావన్నాడు. సూది వేలికి దిగింది. ఆయన నా వేలు చూడలేదు. గుడ్డ మీద నెత్తురు పడిందా అని చూశాడు.

తర్వాత షుగరు ముదిరి చూపు పోయింది. మంచాన పడ్డాడు. జెండా కూడా కుట్టు ఆగనంతగా చివికిపోయింది. మా వీధి చివర మాజీ సైనికుల హాలుండేది. పాతబడ్డ జెండాల్ని తీసుకుని, మడతపెట్టి, సెల్యూట్ చేసి మర్యాదగా కాలుస్తారు. అక్కడ అప్పజెప్పి రమ్మన్నాడు. సరేనన్నాను.

వెళ్లలేదు. వంటింట్లో కత్తెర తీసుకుని మసిగుడ్డలు చేశాను. మొదట స్టవ్ తుడిచాను. తర్వాత ఆయన నోరు తుడిచాను. పక్క పాడుచేసుకుంటే కిందా దాంతోనే తుడిచాను. చుక్కలు కుట్టిన ముక్క గరుగ్గా తగిలి ఆయన మొహం తిప్పుకుంటే, పాత తువ్వాలు అనేదాన్ని. అబద్ధమెందుకు, లోపల సంతోషంగానే ఉండేది. అమ్మ మీద నేను వేయలేకపోయిన గుప్పెడు మట్టికి బదులా అది? కళ్లు లేని మనిషి మీద తీర్చుకున్నది కూడా బదులేనా?

సమాధి రోజున హాలు నుంచి ఒక ముసలాయన వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని. నా ఇంగ్లీషు అంతంతమాత్రమే. అయినా ప్రతి మాటా అర్థమైంది. ఆఖరి వారమంతా మా ఆయన రోజూ హాలుకి ఫోన్ చేశాడట. మంచం పక్కనే ఫోను, చక్రం వేళ్లతో తడుముకుంటూ తిప్పి ఉంటాడు. జెండా వచ్చిందా అని అడిగేవాడట. రాలేదనే చెప్పారట, పోయే ముందు రోజు కూడా. ఇప్పుడిస్తారా అమ్మా అని అడిగాడు. ఆ మసిగుడ్డలు చెత్తలో పారేశానని చెప్పలేక కాఫీ ఇచ్చాను.

అంటే నన్ను అడిగేటప్పటికే ఆయనకి తెలుసు. మొహానికి ఏం తగులుతోందో కూడా తెలుసేమో. నిజం చెబుతానేమోనని చూశాడా? నేను చెప్పలేదు. మంచిదన్నాడు.

క్షమించమని అడగను. ఆయనా నన్నడగలేదు. చెప్పేశాను, కాస్త ఊపిరాడుతోంది, అంతే.

రాశావా అమ్మాయ్? మొదట్నుంచీ చదివి వినిపించు. ఆ "మంచిది" దగ్గర మాత్రం మెత్తగా చదవకు.