అహ్మద్ అలీ అడగని మాట

మా అచ్చంపేట మసీదుకు మైకు రాకముందు కూడా అహ్మద్ అలీ ఇచ్చే అజాన్ బస్టాండు దాకా వినిపించేది. పగలంతా ఊళ్లు తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. మేమిద్దరం ఒకే బడిలో చదువుకున్నాం. నేను సర్కారు దవాఖానలో కాంపౌండర్నయ్యాను.

ఎనభై ఏడులో దొడ్డికి పోతే రక్తం పడుతోందని నా దగ్గరికి వచ్చాడు. వాళ్ల నాయిన కూడా అట్లాగే రక్తం పోయి నలభై రెండేళ్లకే చనిపోయాడు. అప్పుడు ఊరంతా మొలలన్నారు. నేనూ మొలలేనని ఏడాదిపాటు మందు ఇచ్చాను. నా చదువు తగలెయ్య!

తగ్గకపోయేసరికి హైదరాబాదు తీసుకెళ్లాను. డాక్టరు గొట్టం పెట్టి చూశాడు. పెద్దపేగు లోపల వందల కొద్దీ బుడిపెలు.

"ఇది వంశంలో వచ్చే జబ్బు. మీ నాన్నదీ ఇదే అయ్యుంటుంది. ఇప్పటికి క్యాన్సర్ లేదు, వదిలేస్తే వస్తుంది. పేగు తీసేయాలి. ఆ తర్వాత మలం పొట్టమీద కట్టిన సంచిలోకి వస్తుంది. పిల్లల్ని కూడా చూపించండి," అన్నాడు.

తిరుగు బస్సు డిండి దాటాక అహ్మద్ నావైపు తిరిగాడు.

"సంచి కట్టుకొని నమాజుకు ఎట్ల నిలబడాలె ఇస్రాయేలూ? కాళ్లు చేతులు కడుక్కొని చేసిన వజూ నిలుస్తదా?"

"ఇమాం సాబును అడుగుదాం పా."

"గీ ముచ్చట ఆయన ముంగట తీస్తే మల్ల నీ మొకం చూడ," అని ఒట్టు వేయించుకున్నాడు. నేను పెద్ద నిజాయితీపరుడిలా నోరు మూసుకున్నాను. ఇప్పటికీ నామీద నాకే మంట.

ఆపరేషన్‌కు మాత్రం ఒప్పుకోలేదు. మూడేళ్లు గడిచాయి. మనిషి బక్కచిక్కి మంచం పట్టాడు. క్యాన్సర్ కాలేయానికి పాకింది, ఇక కోసినా లాభం లేదన్నారు. అప్పుడు తెగించి అతని భార్య అమీనాకు అంతా చెప్పేశాను. ఆమె ఆ కాళ్లతోనే ఇమాం ఇంటికి పోయింది. ఆయన పరుగున వచ్చి మంచం పట్టెమీద కూర్చున్నాడు.

"అరె పాగల్! రోగమొచ్చి మజ్బూరీ ఉన్నోనికి మాఫీ ఉంటది. ఒక్కో నమాజుకు ఒక్కసారి వజూ చేస్కుంటే సరిపోతుండె. ఒక్క మాట నన్ను అడగొద్దా?"

"గింతేనా?" అన్నాడు అహ్మద్. గోడవైపు తిరిగి ఏడ్చాడు. కాసేపటికి, "బిడ్డ తాహేరాను దవాఖానకు తీస్కపో," అన్నాడు. పదిహేను రోజులకు పోయాడు.

నలభై దినాలు కాగానే తల్లీకూతుళ్లను వెంటబెట్టుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లాను. పద్దెనిమిదేళ్ల తాహేరా పేగులోనూ అవే బుడిపెలు. డాక్టరు సంచి సంగతి చెప్తుంటే పిల్ల తల దించలేదు.

"ఆపరేషన్ ఎప్పుడు చేస్తరు సార్?"

అమీనా బయటికొచ్చి వరండాలో కూలబడింది. నా చెయ్యి పట్టుకుని, "గీ మాట మా ఆయన అప్పుడే అని ఉంటే బతుకుతుండె కదన్నా!" అని గుండెలవిసేలా ఏడ్చింది.