ముగ్గురు మేనేజర్లు, ఒక మోకాలు

2020 వేసవిలో ఐర్లండ్‌లోని కార్క్ దగ్గర ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులో ఫిజియోథెరపిస్టుగా చేరాను. రిటైరయ్యే ముందు అదే నా ఆఖరి ఉద్యోగం. రెండో డివిజన్ జట్టు. కోవిడ్ వల్ల ఆగిన సీజన్ మళ్ళీ మొదలైంది. ప్రేక్షకులు లేరు, గెలుపులూ లేవు. అందుకని క్లబ్బువాళ్ళు మేనేజర్లను మార్చేవారు. ఫుట్‌బాల్‌లో మేనేజరంటే ఎవరు ఆడాలో తేల్చే పెద్ద తలకాయ.

ఆ సీజన్లో ముగ్గురు వచ్చారు. ముగ్గురూ కరచాలనానికి బదులు మోచేయి తాకించి మొదట అడిగింది ఒకటే: "కానర్ ఎప్పుడు ఆడతాడు?"

కానర్ మా గోల్స్ కొట్టే ఆటగాడు. మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషనైంది. తొందరపడి దింపితే మళ్ళీ తెగుతుంది, ఇక అతని ఆట ముగిసినట్టే. ఒంటికాలి మీద గెంతించి, ఒక్కో కాలితో గెంతిన దూరం దాదాపు సమానమైతేనే ఆడొచ్చని నేను సంతకం పెట్టాలి. అది లేనిదే మేనేజరు ఆడించకూడదు.

కానర్‌నే అడిగితే లాభం లేదు. ఐర్లండ్‌లో కాలు విరిగినా "గ్రాండ్", అంటే బాగానే ఉన్నాననే అంటారు. కోవిడ్ నిబంధనల వల్ల గాయపడ్డవాళ్ళకు మైదానంలోకి అనుమతి లేదు గనక, వీడియో కాల్‌లో అతని చేత ఇంటి మెట్లు దిగించేదాన్ని. ఎక్కడం ఎవరైనా ఎక్కుతారు. దిగేటప్పుడే మోకాలి అసలు సంగతి బయటపడుతుంది. వాళ్ళమ్మ ఫోను పట్టుకునేది. అతను "గ్రాండ్" అనగానే, "రెయిలింగ్ పట్టుకున్నాడు సుజాతా, నేను చూశాను" అని చాడీ చెప్పేది.

మొదటి మేనేజరు బతిమాలాడు. రెండో ఆయన అరిచాడు. మూడో ఆయన టీ కలిపిచ్చి మరీ అడిగాడు. టీ తాగి, కుదరదన్నాను. ఈసారి మేనేజర్ని కాదు, నన్నే మారుస్తారేమోనని భయం వేసింది కూడా. మా ఆయనకు మాత్రం సరదా. "ఏమోయ్, మేనేజర్లు మారుతున్నారు గానీ నీ 'నో' మారట్లేదే!" అనేవారు.

అక్టోబరులో ఒకరోజు, ఫోను వంకరగా పట్టుకుందని అమ్మను విసుక్కుంటూ కానర్ మెట్లు గబగబా దిగేశాడు. రెయిలింగ్ సంగతే మర్చిపోయాడు. మర్నాడు కార్ పార్కులో గెంతించి చూశాను. సంతకం పెట్టేశాను.

ఆఖరి మ్యాచ్‌లో ఆట కాసేపట్లో ముగుస్తుందనగా దిగి, గోల్ కొట్టాడు. మైదానం గోడ వెనకే వాళ్ళిల్లు. పెరట్లో నిచ్చెనెక్కి వాళ్ళమ్మ పెట్టిన కేక ఖాళీ స్టాండ్లంతా మోగింది. అతను అటు పరిగెత్తి, అడ్డున్న ప్రకటనల బోర్డు మీంచి ఎగిరి, ఆపరేషనైన కాలి మీదే దిగాడు. నేను బెంచీ మీంచి లేచేశాను. మ్యాచ్ గెలిచాక ఎలా ఉందని అడిగాను.

"గ్రాండ్" అన్నాడు. ఆ మాట నేను నమ్మింది అదే మొదటిసారి. ఆనందం పట్టలేక మూడో మేనేజరుకు ఈసారి నేనే టీ కలిపిచ్చాను.

ఆ సీజన్ నేర్పింది ఇదే: మేనేజరు మారిన సంగతి మోకాలికి తెలియదు. ఎవరు అడిగినా దాని గడువు దానిదే.